కాలేజీ ఏళ్లలో అథ్లెట్ అమ్మాయి ఒళ్లు ఎలా మారుతుంది: కొలుచుకోవడం, రాసుకోవడం, ఆ అంకెల్ని అర్థం చేసుకోవడం ఎలా

ఉదాహరణకి ఒక వాలీబాల్ అమ్మాయిని తీసుకుందాం. జట్టులో చేరిన మొదటి ఏడాది బరువు 60 కిలోలు, కొవ్వు 24 శాతం. మూడో ఏడాది అదే నెలలో చూస్తే 62 కిలోలు, 23 శాతం. "రెండు కిలోలు పెరిగావు, తగ్గాలి" అన్నాడు కోచ్. "రెండేళ్లు ఒళ్లు హూనం చేసుకుంటే తగ్గింది ఒక్క శాతమేనా" అని అమ్మాయి డీలా పడింది. ఇద్దరూ పప్పులో కాలేశారు.

లెక్క వేసి చూడండి. 60లో 24 శాతం అంటే కొవ్వు 14.4 కిలోలు, మిగతాది 45.6. మూడో ఏడాదికి కొవ్వు 14.3, మిగతాది 47.7. కొవ్వు ఉన్నచోటే ఉంది. కండ, ఎముక, నీరు అన్నీ కలిసిన ఆ "మిగతాది" రెండు కిలోల పైచిలుకు పెరిగింది. రెండేళ్ల జిమ్ము, రెండేళ్ల జంపులు ఎక్కడికి పోయాయంటే అక్కడికే పోయాయి. బరువు కాటా దాన్ని తప్పుగా చూపించింది, శాతం దాన్ని దాచేసింది. కిలోల్లోకి మార్చాకే అసలు సంగతి బయటపడింది.

నేను చెప్పబోయేదంతా ఈ ఉదాహరణకి సాగదీతే. మీ ఒళ్లు కాలేజీ ఏళ్లలో ఎటు పోతోందో తెలియాలంటే ఏం చేయాలో వరసగా చూద్దాం.

ముందు ఆ కాగితం ఎవరి చేతికి వెళ్తుందో తేల్చుకోండి

నేను రెండో ఏడాదిలో ఉండగా మా జట్టు అందరి కొవ్వు శాతాలూ పెద్దదాని నుంచి చిన్నదాకా వరసగా రాసి డ్రెస్సింగ్ రూమ్ తలుపుకి అంటించారు. నా పేరు పైనుంచి రెండోది. ఆ వారం నేను సరిగ్గా తినలేదు. నా పైనున్న అమ్మాయి దాదాపు అసలే తినలేదు. ఆ కొలతలు తీసింది రెండు చేతులతో పట్టుకునే చిన్న మిషన్‌తో, ప్రాక్టీసు అయిన పది నిమిషాలకి, ఇంకా చెమటలు కారుతుండగానే. ఆ వరసకి అర్థం పర్థం లేదని నాకు తెలియడానికి ఆరేళ్లు పట్టింది. అదీ చర్మపు మడత కొలిచే కాలిపర్ చేతపట్టి, ఒంటి కొలతలు తీసే ఈ పనిలోకి నేనే వచ్చాక.

అందుకే కొలతకి ముందే మూడు ప్రశ్నలు అడగండి. ఈ సంఖ్యలు ఎవరెవరు చూస్తారు? వద్దంటే ఊరుకుంటారా? జట్టు ఎంపికకి దీనితో సంబంధం ఉందా? చూసేది మీరు, డాక్టరు, పోషకాహార నిపుణురాలు మాత్రమే అయితే మంచిది. ఎంపికతో ముడిపెడితే ఒప్పుకోవద్దు. ఇంత శాతం ఉంటేనే ఇంత వేగమని ఏ ఆటకీ రుజువైన సంఖ్య లేదు కాబట్టి అలా ముడిపెట్టడంలో శాస్త్రమూ లేదు.

ఇంకో రెండు సందర్భాల్లో కొలత జోలికే పోవద్దు. పద్దెనిమిది నిండకపోతే, వైద్య కారణం ఉంటే తప్ప కొలవక్కర్లేదు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2023లో ఇదే చెప్పారు. మొదటి ఏడాది కాలేజీలో 17 ఏళ్ల వాళ్లు చాలామందే ఉంటారు, వాళ్లని వదిలేయండి. అలాగే తిండి విషయంలో గతంలో ఇబ్బంది పడినవాళ్లు, కాటా ఎక్కగానే గుండె దడదడలాడేవాళ్లు డాక్టరుతో మాట్లాడాకే ఏదైనా. సంఖ్య తెలియకుండా కూడా బాగా ఆడొచ్చు.

ఒక్క పరికరం పట్టుకోండి, చివరిదాకా అదే

ఏది మంచిది అని అందరూ అడుగుతారు. అంతకన్నా ముఖ్యమైనది మార్చకుండా ఉండటం. మొదటి ఏడాది ఒకదానితో, రెండో ఏడాది ఇంకోదానితో కొలిస్తే మారింది మీ ఒళ్లో పరికరమో ఆ దేవుడికే తెలియాలి. ఎక్స్‌రేలతో ఒళ్లు కొలిచే డెక్సా స్కాన్ అయినా ఒక కంపెనీ మిషన్‌కీ ఇంకో కంపెనీ మిషన్‌కీ అంకెలు కలవవు. అదే మిషన్, వీలైతే అదే టెక్నీషియన్.

దొరికితే డెక్సానే ఎంచుకోండి. రెండు రకాల శక్తి ఉన్న ఎక్స్‌రేలు ఒంట్లోంచి వెళ్తాయి. ఎముక, కొవ్వు, మెత్తటి కండ వాటిని వేర్వేరుగా ఆపుతాయి. ఆ తేడాని బట్టి మిషన్ మూడింటినీ విడదీస్తుంది. ఎడమ కాలు, కుడి కాలు, చేతులు, మొండెం విడివిడిగా చూపిస్తుంది, ఎముక సంగతీ చెబుతుంది. రేడియేషన్ మామూలు ఛాతీ ఎక్స్‌రే కన్నా తక్కువే. అయినా ఎక్స్‌రే ఎక్స్‌రేనే, గర్భం ఉండే అవకాశముంటే చేయించుకోకూడదు. ఒక చిన్న ఇబ్బంది: బాగా పొడుగున్న బాస్కెట్‌బాల్, వాలీబాల్ అమ్మాయిలు బల్ల మీద పట్టరు. తలో పాదాలో బయటికి వస్తాయి. అలాంటప్పుడు ఎలా పడుకోబెట్టారో రాసి ఉంచి, మళ్లీ వచ్చినప్పుడు అలాగే పడుకోబెట్టమనండి.

డెక్సా దొరకదా, కాలిపర్ ఉంది. చర్మాన్ని, దాని కింది కొవ్వునీ మడతలా పట్టి మందం చూసే పాత పద్ధతి. చేతనైనవాళ్లు చేస్తే చాలా నమ్మకమైనది, చేతకానివాళ్లు చేస్తే శుద్ధ దండగ. చేతనైనవాళ్లని గుర్తుపట్టడం ఎలాగంటే: టేపుతో కొలిచి పెన్నుతో గుర్తు పెట్టాకే చేయి వేస్తారు. కుడి పక్కే కొలుస్తారు. వేళ్లతో మడత పట్టుకుని, వేళ్లకి ఒక సెంటీమీటరు ఎడంగా కాలిపర్ పెట్టి, నొక్కు పూర్తిగా వదిలి, రెండు సెకన్లు ఆగి చదువుతారు. ఒక రౌండు అంతా అయ్యాక మళ్లీ మొదటినుంచి రెండో రౌండు. గుర్తు పెట్టకుండా అటొకటి ఇటొకటి గిల్లి కాగితం మీద శాతం రాసిచ్చేవాళ్లకి దండం పెట్టి వచ్చేయండి.

కాలిపర్ వాడేవాళ్లు శాతం అడగొద్దు. చేయి ముందు, వెనక, భుజపుటెముక కింద, నడుము పక్కన రెండు చోట్ల, పొట్ట, తొడ ముందు, పిక్క లోపలి వైపు: ఈ ఎనిమిది మడతల మొత్తాన్ని మిల్లీమీటర్లలో రాసుకోండి. 96 మిల్లీమీటర్లు 88 అయ్యాయంటే చర్మం కింది కొవ్వు తగ్గింది, అంతే, వాదనలేదు. శాతం కావాలంటే ఆ మడతల్ని ముందు ఒంటి సాంద్రతగా, ఆ సాంద్రతని సిరి సూత్రంతో శాతంగా మార్చాలి. సిరి సూత్రం అంటే 495ని సాంద్రతతో భాగించి 450 తీసేయడం. ఆ లెక్క కొవ్వు లేని భాగం సాంద్రత అందరికీ 1.1 అనుకుని కూర్చుంటుంది. ఏళ్ల తరబడి గెంతి ఎముకలు గట్టిపడ్డ జిమ్నాస్ట్‌కి అది సరిపోదు. అసలున్న దానికన్నా కొవ్వు తక్కువ చూపించే ప్రమాదముంది.

ఇక కాటాలాంటి మిషన్ ఎక్కితే శాతం చెప్పేవి. సన్నటి కరెంటు పంపి ఒళ్లు దాన్ని ఎంత అడ్డుకుంటుందో చూస్తాయి. కరెంటు నీళ్లలో పారుతుంది కాబట్టి అవి నిజానికి కొలిచేది నీటిని. కండలో నీరెక్కువ, కొవ్వులో తక్కువ, ఆ తేడాతో మిగతాదంతా ఊహ. పాదాలతో మాత్రమే నిలబడే రకమైతే కరెంటు ఒక కాల్లోంచి ఎక్కి ఇంకో కాల్లోంచి దిగిపోతుంది, పైభాగాన్ని పెద్దగా పట్టించుకోదు. ఇంకేదీ దొరక్కపోతే వాడండి, కానీ ఒక్క రోజు అంకెని నమ్మొద్దు. గాలి స్థానభ్రంశంతో కొలిచే గుడ్డు ఆకారపు గది దొరికితే మంచిదే. జుట్టు మొత్తం టోపీలోకి దోపి, బిగుతు ఈతదుస్తులే వేసుకోవాలి. వదులు బట్టల్లో, జుట్టులో చిక్కుకున్న గాలి లెక్క పాడుచేస్తుంది.

కొలిచే పొద్దు ఎలా ఉండాలి

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు.

అర లీటరు నీళ్లు తాగి డెక్సా బల్ల మీద పడుకోండి. మిషన్‌కి ఆ నీళ్లు కొవ్వు కాదు, ఎముకా కాదు. కాబట్టి కండని లెక్కించే "లీన్" కాలమ్‌లో పడేస్తుంది. అంటే గుక్కపెట్టి తాగినంతలో అర కిలో కండ పెరిగినట్టు! జిమ్ములో అర కిలో నిజమైన కండకి నెలలు పట్టొచ్చు. ఇంకోటి. తిన్న పిండిపదార్థాన్ని ఒళ్లు కండలో గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది, అది ప్రతి గ్రాము తనతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుంటుంది. మ్యాచ్‌కి ముందు రెండు రోజులు బాగా తిని విశ్రాంతి తీసుకుని 300 గ్రాముల గ్లైకోజెన్ నింపుకుంటే నీటితో కలిపి 1.2 కిలోలు. గట్టి ప్రాక్టీసు వారం చివర అవన్నీ ఖాళీ. కండబలం కోసం వాడే క్రియాటిన్ పొడి మొదలుపెట్టిన వారంలోనూ కండలోకి నీరు చేరి కిలో దాకా తేడా రావచ్చు. ఈ మూడూ "లీన్ మాస్" పేరుతోనే కాగితం మీద కనిపిస్తాయి.

అందుకే ప్రతిసారీ ఒకే తీరు: పొద్దున్నే, ఏమీ తినకుండా తాగకుండా, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఆ రోజు ఇంకా ఏ కసరత్తూ చేయకముందు. ముందురోజు తేలిక ప్రాక్టీసు, మామూలు తిండి, మామూలు నీళ్లు. కొలతకి ముందు కావాలని తిండి తగ్గించి వచ్చే అమ్మాయిల్ని చాలామందిని చూశాను. తగ్గేది గ్లైకోజెన్, నీరు. కాగితం మీద కండ పోయినట్టు వస్తుంది. దాంతో ఇంకా బెంగ. అసలుకే ఎసరు.

నెలసరి రోజు కూడా రాయండి. ఆ వారం వచ్చిందా, రాబోతోందా, మధ్యలో ఉన్నారా. అండం విడుదలయ్యాక, నెలసరి దగ్గరపడే కొద్దీ చాలామందికి నీరు పడుతుంది. కొందరికి అర కిలో, కొందరికి అంతకన్నా ఎక్కువ, కొందరికి ఏమీ ఉండదు. మీ క్రమం మీకు తెలుసు. ప్రతిసారీ చక్రంలో ఒకే దశలో కొలిపించుకోగలిగితే సరేసరి, లేదంటే కనీసం రాసి ఉంటే తర్వాత అర్థమవుతుంది.

ఎన్నిసార్లు

ఏడాదికి మూడు చాలు. ప్రీ సీజన్ (పోటీలకి ముందు సన్నాహం) మొదలయ్యే ముందు, సీజన్ అయిపోయిన వారం, ఆఫ్ సీజన్ (పోటీలు లేని నెలలు) మధ్యలో. వారం వారం కొలిచే జట్లున్నాయి. వారంలో నిజంగా మారే కండా కొవ్వూ ఏ పరికరానికీ అందనంత చిన్నవి, అందేది నీళ్ల ఆటే. ఎముక అయితే ఏడాదికి ఒక్కసారి సరిపోతుంది. పాత ఎముక కరిగి కొత్తది కట్టుకునే ఒక్కో విడతకే నెలలు పడుతుంది, తొందరపడి చూస్తే ఏమీ కనపడదు.

పరికరం ఎంత తడబడుతుందో అడగండి

ఈ ఒక్క ప్రశ్న అడిగే అథ్లెట్‌ని నేను అరుదుగా చూశాను. "మీ మిషన్‌లో ఒకే మనిషిని రెండుసార్లు కొలిస్తే ఎంత తేడా వస్తుంది?" మంచి ల్యాబ్‌లో దీనికి సమాధానం సిద్ధంగా ఉంటుంది. కొంతమందిని బల్ల మీంచి లేపి, మళ్లీ పడుకోబెట్టి, రెండుసార్లు కొలిచి ఆ తప్పు ఎంతో లెక్క కట్టి ఉంచుతారు. దాన్ని 2.77తో గుణించండి. లీన్ మాస్‌కి వాళ్ల తప్పు 0.4 కిలో అన్నారనుకోండి, 1.1 కిలోలు వస్తుంది. మీ రెండు కొలతల మధ్య తేడా అంతకన్నా తక్కువైతే "మారలేదు" అనే రాసుకోండి. పెరిగింది, తగ్గింది అనే మాటలు వాడొద్దు.

ల్యాబ్ వాళ్లు తెల్లమొహం వేస్తే, అదే పొద్దున్న రెండోసారి కొలవమనండి. కాలిపర్ అయితే ఎలాగూ రెండు రౌండ్లు ఉంటాయి, వాటి మధ్య తేడా చూసుకోండి. మొదటి రౌండు 92, రెండో రౌండు 95 వచ్చిందంటే, మళ్లీ నాలుగు నెలల తర్వాత 90 వస్తే పండగ చేసుకోవడానికేమీ లేదు.

నోటుబుక్కులో ఏం రాయాలి

ఒక్కో కొలతకి ఒక్కో వరస. తేదీ, బరువు, కొవ్వు కిలోల్లో, కొవ్వు లేని భాగం కిలోల్లో, నెలసరి రోజు, ఆ నెల ప్రాక్టీసు ఎలా ఉంది, నిద్ర, గాయాలు. శాతం రాయాలనిపిస్తే చివర, చిన్నగా. నేనైతే ఆ కాలమే తీసేయమంటాను.

ఇంకో కాలమ్ మాత్రం కలపండి: కొవ్వు లేని భాగాన్ని, మీటర్లలో మీ ఎత్తుని రెండుసార్లు గుణించిన దానితో భాగించాలి. పైన చెప్పిన అమ్మాయి ఎత్తు 1.65 మీటర్లు అనుకుంటే 2.72తో భాగించాలి. 45.6కి 16.8, 47.7కి 17.5. ఎత్తుకి తగ్గ కండ పెరుగుతోందా లేదా అన్నది ఈ ఒక్క అంకెలో తెలిసిపోతుంది. ఎత్తు మాత్రం ప్రతి ఏడాదీ కొలవండి, పద్దెనిమిదిలో ఇంకాస్త పెరిగేవాళ్లూ ఉంటారు.

ఆ వరసల పక్కనే ఆట అంకెలు ఉండాలి. నిలువు జంపు ఎంత, 20 మీటర్ల పరుగు ఎంత, స్క్వాట్ ఎంత ఎత్తుతున్నారు. కండ పెరిగి జంపు కూడా పెరిగితే అది పనికొచ్చే కండ. కొవ్వు తగ్గి జంపు పడిపోతే, ఆ తగ్గుదలకి మీరు ఎక్కువ ఖర్చు పెట్టారన్నమాట.

ఏ ఏడాది ఏం కనిపిస్తుంది

మొదటి ఏడాది గందరగోళంగా ఉంటుంది, దాన్ని చూసి తీర్పులివ్వొద్దు. కొత్త చోటు, కొత్త నిద్ర, అంతకుముందెప్పుడూ సరిగ్గా చేయని వెయిట్ ట్రైనింగ్. ఇనుము కొత్తగా ముట్టుకున్నవాళ్లకి కండ త్వరగా పడుతుంది. అదే సమయంలో తిండి వేళలు చెదిరి కొవ్వు పెరిగేవాళ్లూ ఉంటారు, తరిగేవాళ్లూ ఉంటారు. పాత బట్టలు భుజాల దగ్గర, తొడల దగ్గర బిగుతవుతాయి, నడుము దగ్గర కావు. అద్దం ముందు కంగారుపడే ముందు ఆ బిగుతు ఎక్కడో చూసుకోండి.

రెండో ఏడాది నుంచి ఒక అల కనిపించడం మొదలవుతుంది. ఆఫ్ సీజన్‌లో కొవ్వు కాస్త పెరుగుతుంది, ప్రీ సీజన్ కష్టంలో తగ్గుతుంది. సీజన్ మధ్యలో ప్రయాణాలు, మ్యాచ్‌లు ఎక్కువై జిమ్ము తగ్గడంతో కండ కాస్త జారుతుంది. మళ్లీ ఆఫ్ సీజన్‌లో తిరిగొస్తుంది. ఈ అల సహజం. అలలో పైనున్న ఒక బిందువునీ కిందున్న ఇంకో బిందువునీ పక్కపక్కన పెట్టి "మూడు నెలల్లో పాడైపోయావు" అనేవాళ్లుంటారు. పోల్చాల్సింది ఈ ఆగస్టుని పోయిన ఆగస్టుతో, అంతే. అలా ఏడాదికొక బిందువు తీసుకుని కలిపితే, చక్కగా తిని ప్రాక్టీసు చేసే అమ్మాయికి చాలాసార్లు కొవ్వు గీత దాదాపు అడ్డంగా ఉంటుంది, కండ గీత నెమ్మదిగా పైకెక్కుతుంది. నాలుగేళ్లలో రెండు మూడు కిలోల కండ చేరితే అది మంచి సంగతి. అంతకన్నా నాటకీయంగా ఏదైనా కనిపిస్తే ముందు కొలతని అనుమానించండి, తర్వాత ఒంటిని.

ఆటని బట్టి తేడాలుంటాయి. దూరం పరుగెత్తేవాళ్లలో కండ గీత పెద్దగా లేవదు, లేవాల్సిన అవసరమూ అంతగా లేదు. త్రోలు వేసేవాళ్లలో కండా కొవ్వూ రెండూ పెరగొచ్చు, అదీ పని కోసమే. ఈతగత్తెల విషయంలో ఎముక కాలమ్‌ని ప్రత్యేకంగా చూడాలి. నీళ్లలో ఒంటి బరువు ఎముక మీద పడదు కాబట్టి కండ ఎంత పెరిగినా ఎముక దానికి తగ్గట్టు గట్టిపడకపోవచ్చు. జిమ్నాస్టులు, వాలీబాల్, బాస్కెట్‌బాల్ అమ్మాయిలు గెంతిన ప్రతిసారీ నేల వాళ్ల ఎముకకి ఒక కబురు పంపుతుంది, అది గట్టిపడుతుంది. ఈత, సైకిల్ మీదే ఉండేవాళ్లు వారానికి కొన్ని జంపులు, బరువులు కలుపుకోవడం మంచిది.

ఎముకకి ఈ ఏళ్లు ఎందుకంత ముఖ్యమంటే, అమ్మాయిల్లో గరిష్ఠ ఎముక ద్రవ్యరాశిలో దాదాపు 90 శాతం పద్దెనిమిదికే పోగవుతుంది. మిగిలింది ఇరవైల్లో చేరుతుంది. అంటే కాలేజీ రోజులు ఆ బ్యాంకులో డబ్బు వేయడానికి చివరి వరసలో నిలబడ్డ రోజులు. రిపోర్టులో జడ్ స్కోర్ అని ఒక అంకె ఉంటుంది, మీ వయసు ఆడవాళ్ల సగటుతో పోలిక. బరువు మోసే ఆటలు ఆడే అమ్మాయికి అది సగటు కన్నా పైనుండాలి. మైనస్ 1 కన్నా కిందుంటే, మామూలు మనిషికి "పర్లేదు" అని వదిలేసినా, మీరు మాత్రం డాక్టరుకి చూపించండి.

గాయమైన ఏడాది సంగతి వేరు. మోకాలి లిగమెంటు తెగి ఆపరేషన్ అయిన అమ్మాయి ఒకసారి నా దగ్గరికి వచ్చి, "బరువు ఒక్క గ్రాము మారలేదు మేడమ్" అని సంతోషంగా చెప్పింది. కాలి వరస తీసి చూపించాను. ఆపరేషన్ అయిన కాలిలో కండ రెండో కాలి కన్నా కిలోకి దగ్గరగా తక్కువ ఉంది. ఆ ఖాళీని కొవ్వు పూరించింది. కాటాకి రెండూ ఒకటే. అలాంటప్పుడు మొత్తం ఒంటి అంకెలు పక్కన పెట్టి, రెండు కాళ్ల మధ్య తేడా ఎలా పూడుతోందో అదొక్కటే చూడండి. ఆ సమయంలో తిండి కోసుకోవద్దు, అతుక్కుంటున్న కణజాలానికి కూడా శక్తి కావాలి.

నెలసరిని పక్కన పెట్టుకుని చదవండి

ఇన్ని పరికరాల గురించి చెప్పి ఇలా అనడం విచిత్రంగా ఉంటుందేమో, కానీ మీ దగ్గరున్న అన్నిటికన్నా నమ్మకమైన మీటరు నెలసరే. కొవ్వు గీత కిందికి దిగుతూ, అదే సమయంలో నెలసరి ఆలస్యమవుతూ, ఆపై ఆగిపోయిందంటే ఆ గీతని ఎవరు మెచ్చుకున్నా నమ్మొద్దు. మూడు నెలలు రాకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. "అథ్లెట్లకి మామూలే" అని సీనియర్లు చెబుతారు. నాకూ చెప్పారు. తరచుగా జరుగుతుంది కాబట్టి మామూలు అనిపిస్తుంది, అంతే. గర్భనిరోధక హార్మోన్ మాత్రలు వాడేవాళ్లకి ఈ మీటరు పనిచేయదు. మాత్ర ఆపిన రోజుల్లో వచ్చే రక్తస్రావం మందు వల్ల వచ్చేది, లోపల అంతా బాగుందనడానికి అది గుర్తు కాదు.

ఎందుకు ఆగుతుందో తెలుసుకోవడానికి ఒక లెక్క ఉంది. రోజంతా తిన్న క్యాలరీల్లోంచి వ్యాయామానికి ఖర్చయినవి తీసేయండి. మిగిలినదాన్ని కొవ్వు లేని మీ భాగం కిలోలతో భాగించండి. గుండె, మెదడు, ఎముక, నెలసరి నడవడానికి ఒంటికి మిగిలింది అదే. కిలోకి 45 క్యాలరీల దరిదాపుల్లో ఉంటే అన్నీ సాఫీగా నడుస్తాయని, 30 కన్నా పడిపోతే అండాశయాలకి మెదడు నుంచి వెళ్లే హార్మోన్ సంకేతాలు తడబడతాయని పరిశోధకులు లౌక్స్, థూమా 2003లో ప్రచురించిన ప్రయోగంలో చూపించారు. ఆ 30 అందరికీ గీసిన గీత కాదని తర్వాత తేలింది. కొందరికి ఇంకా పైనే ఇబ్బంది మొదలవుతుంది. అయినా దిశ చూపించడానికి పనికొస్తుంది.

పై అమ్మాయికే వేద్దాం. మొదటి ఏడాది కొవ్వు లేని భాగం సుమారు 46. 46ని 45తో గుణిస్తే 2070, వ్యాయామానికి 600 కలిపితే రోజుకి 2670. మూడో ఏడాది 48 అనుకుంటే 2160కి 600 కలిపి 2760. అంటే అదనపు కండే రోజూ ఇంకో 90 క్యాలరీలు అడుగుతోంది. ప్రాక్టీసు కూడా పెరిగి 800 అయితే 2960. ఆమె మాత్రం ఇంకా మొదటి ఏడాది పళ్లెమే తింటోంది. ఎవరూ డైట్ చేయమనలేదు, తనూ చేయడం లేదు, అయినా లోటు పడుతోంది. మూడో ఏడాదిలో అలసట, తరచూ జలుబులు, పిక్క ఎముకలో సన్నటి పగుళ్లతో వచ్చే అమ్మాయిల్లో చాలామంది కథ ఇదే. కండ పెరిగిన ప్రతిసారీ తిండిని మళ్లీ లెక్క కట్టుకోవాలి. ప్రొటీన్ రోజుకి, బరువులో కిలోకి 1.4 నుంచి 2 గ్రాముల మధ్య ఉంటే చాలు. మొత్తం తిండే తక్కువైతే ప్రొటీన్ డబ్బాలు ఎన్ని ఖాళీ చేసినా లాభం లేదు. ఇక వ్యాయామానికి ఎంత ఖర్చయిందన్నది చేతి గడియారం చెప్పే అంకె అయితే దాన్ని అంచనాగానే చూడండి.

ఈ లోటు వల్ల వచ్చే తిప్పల్ని 1990లలో ఆడ అథ్లెట్ల త్రయం అన్నారు: తిండి లోటు, ఆగిన నెలసరి, బోలు ఎముక. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దాన్ని విస్తరించి రెడ్-ఎస్ (ఆటల్లో శక్తి లోటు అని అర్థమొచ్చే ఇంగ్లీషు పేరుకి పొట్టి రూపం) అని పేరు పెట్టింది, మగవాళ్లనీ కలిపింది. డాక్టరు దగ్గర ఈ పేరు వినిపిస్తే బెదిరిపోకండి. తిండి పెంచి ప్రాక్టీసు కాస్త తగ్గిస్తే చాలామందికి నెలసరి తిరిగొస్తుంది, కొన్ని నెలలు ఓపిక పట్టాలి. ఎముక మాత్రం పోయినంతా తిరిగి రాకపోవచ్చు. అందుకే ఆగిన మొదటి నెలల్లోనే పట్టుకోవాలనేది.

ఆఖరి సీజన్ అయ్యాక

ఒక్కసారి, ఆఖరిసారి కొలిపించుకోండి. మానేసిన ఏడాదిలో కండ కొంత జారుతుంది, ఆకలి మాత్రం ప్రాక్టీసు రోజుల్లాగే వేస్తుంది కొన్నాళ్లు. వారానికి రెండు రోజులు బరువులు ఎత్తినా చాలావరకు నిలుస్తుంది. ఆ రిపోర్టులో దాచుకోవాల్సింది ఎముక పేజీ. ఏ మిషన్ మీద, ఏ తేదీన తీశారో దాని మీదే రాసి, మీ మెడికల్ ఫైల్‌లో పెట్టండి. నలభై అయిదులోనో యాభైలోనో ఏ డాక్టరో ఎముక స్కాన్ రాస్తే, పోల్చి చూడటానికి ఇరవై రెండేళ్లప్పటి కాగితం చాలా కొద్దిమంది దగ్గరే ఉంటుంది.